టోక్యో నుంచి ఫుజీకి ఒక్క రోజు: ఐదుగురం, ప్రైవేటు కారు, గైడ్ మాట్లాడుకోవాలా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. అక్టోబర్ చివరి వారంలో జపాన్ వెళ్తున్నాం. నాన్నగారికి 71, అమ్మకి 66, నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. టోక్యోలో ఆరు రాత్రులు ఉంటాం. ఒక రోజు ఫుజీకి. నాన్నగారు హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. రిటైరయ్యేదాకా ఏటా బోర్డు మీద ఆ కొండ బొమ్మ గీసి అగ్నిపర్వతాల పాఠం మొదలుపెట్టేవారు. కాబట్టి మొత్తం ట్రిప్పులో మాకు అసలు పని ఇదే.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. రైళ్లు మారడం, బస్సు కోసం నిలబడటం ఆవిడ వల్ల కాదు. అందుకని కారుతో పాటు గైడ్ కూడా కావాలని ఆన్‌లైన్‌లో ఇద్దరిని అడిగాను. పది గంటలకు ఒకరు 85,000 యెన్లు అన్నారు, ఇంకొకరు 48,000. అంత తేడా ఎందుకో అర్థం కావట్లేదు. తక్కువ చెప్పినాయన వాట్సాప్‌లో చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు, సగం డబ్బు ముందే వేయమంటున్నాడు. వేసేయనా?

ఇంకో టెన్షన్, ఆ రోజు కొండ కనబడుతుందా లేదా అని. నాన్నగారు గుడ్డు కూడా ముట్టరు, భోజనం సంగతి చూడాలి. అమ్మకేమో కొండ మీద బండ్లు వెళ్లే ఐదో స్టేషన్ దాకా వెళ్లి, మంచు కొండ వెనకాల కనిపించేట్టు ఫోటో దిగాలని కోరిక.

జవాబు (టోక్యోలోని నిషికసాయ్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్న సభ్యుడు)

డబ్బు వేయకండి, ఒక్క నిమిషం ఆగండి. ముందు ఆ 48,000 ఆయన్ని కారు నంబర్ ప్లేటు ఫోటో పంపమనండి.

మన దగ్గర పసుపు ప్లేటు ఉంటే అద్దె బండి అని తెలిసినట్టే, ఇక్కడ ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే అది మనుషుల్ని కిరాయికి తిప్పడానికి అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు మీద ఆకుపచ్చ అక్షరాలుంటే అది సొంత కారు. అలాంటి కారులో డబ్బు తీసుకుని జనాన్ని తిప్పడం చట్టవిరుద్ధం. ఇక్కడ దాన్ని 'షిరోతకు' అంటారు, తెల్ల టాక్సీ అని అర్థం. ప్లేటు మీద ఎడమ పక్కన ఒక్క జపాన్ అక్షరం ఉంటుంది, అది 'వ' అయితే రెంటల్ కారు. అద్దెకు తెచ్చిన బండిలో మిమ్మల్ని తిప్పుతున్నాడన్నమాట.

చాలామంది ఇక్కడే పొరబడతారు. గైడ్‌గా పనిచేయడానికి 2018 నుంచి లైసెన్సు తప్పనిసరి కాదు, డబ్బు తీసుకుని ఎవరైనా చూపించవచ్చు. మీకు మెసేజ్ పెట్టినాయన మంచి గైడే అయ్యుండొచ్చు. కానీ మిమ్మల్ని తన కారులో ఎక్కించుకుని నడపాలంటే మాత్రం వేరే అనుమతి కావాలి. అందుకే అనుమతులున్న చోట డ్రైవర్ ఒకరు, గైడ్ ఒకరు వస్తారు, లేదా కొద్దిగా ఇంగ్లీషు వచ్చిన డ్రైవర్ ఒక్కడే వస్తాడు. మీకు చెప్పిన రెండు రేట్ల మధ్య తేడాలో ఎక్కువ భాగం ఇదే.

జవాబు (సికింద్రాబాద్ నుంచి, రెండేళ్ల క్రితం వెళ్లొచ్చినవారు)

పై అన్న చెప్పింది మాకు జరిగిందే. పెద్ద వ్యాన్ వచ్చింది, లోపల మెత్తటి సీట్లు, వాటర్ బాటిళ్లు, అంతా బాగుంది. హైవే ఎక్కాక డ్రైవర్ వెనక్కి తిరిగి, "దారిలో ఎవరైనా ఆపి అడిగితే మనం ఫ్రెండ్స్ అని చెప్పండి" అన్నాడు. మా మామయ్యగారు రిటైర్డ్ ఎస్సై. ఇంక చూడండి! రోజంతా ఆయన కొండ చూడలేదు, వెనకాల ఏ పోలీసు కారు వస్తోందా అని చూస్తూ కూర్చున్నారు. చివరికి ఏమీ కాలేదు, క్షేమంగా వచ్చాం. కానీ ఏదైనా యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని అప్పుడు ఆలోచన వచ్చింది. బుక్ చేసే ముందు రావాల్సిన ఆలోచన అది.

ప్రశ్న అడిగినవారు

అమ్మో. థ్యాంక్స్ అండీ. ప్లేటు ఫోటో అడిగాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

అయితే 85,000 వాళ్లనే ఖాయం చేయాలా? మన డబ్బుల్లో యాభై వేలు దాకా అవుతోంది. రైల్లో వెళ్లలేమా?

జవాబు (నిషికసాయ్ సభ్యుడు)

వెళ్లొచ్చు. టోక్యోలోని షింజుకు నుంచి, ఫుజీ పక్కనే ఉన్న కవాగుచి సరస్సు స్టేషన్‌కి ఫుజీ ఎక్స్‌కర్షన్ అని నేరుగా వెళ్లే రైలుంది, రెండు గంటల లోపే దింపేస్తుంది. అన్నీ రిజర్వు సీట్లే, ముందే చేయించుకోవాలి. మీరిద్దరే అయితే కారు పేరు కూడా ఎత్తేవాణ్ని కాదు. కష్టమంతా అక్కడ దిగాక. చూడాల్సినవి సరస్సు చుట్టూ విడివిడిగా ఉంటాయి, వాటికి తిరిగే టూరిస్టు బస్సులు సీజన్లో కిక్కిరిసిపోతాయి. మీ అమ్మగారు, పాప నిలబడి ప్రయాణం చేయాల్సి వస్తుంది. మీ విషయంలో మాత్రం కారే సరైనది.

గైడ్ వేరుగా కావాలా అంటే, నా ఉద్దేశంలో అక్కర్లేదు. ఇంగ్లీషు వచ్చిన డ్రైవర్ చాలు. 1707లో చివరిసారి బద్దలైందని, 3,776 మీటర్లని మీ నాన్నగారే గైడ్‌కి చెప్పేట్టున్నారు.

రేటు మాట్లాడేటప్పుడు ఒకటి మర్చిపోకండి. పది గంటలంటే ఎక్కడి నుంచి లెక్క? ఇక్కడ చాలా కంపెనీలు కారు వాళ్ల గ్యారేజీ నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగి గ్యారేజీ చేరేదాకా లెక్కేస్తాయి. అంటే మీకు చేతికొచ్చేది తొమ్మిది గంటలే కావచ్చు. టోల్, పార్కింగ్ అందులో కలిశాయా, గంట దాటితే ఎంత, ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకోండి. టిప్పు మాత్రం ఇవ్వకండి, ఇక్కడ ఆ అలవాటు లేదు.

ఆదివారం అసలు పెట్టుకోకండి. సాయంత్రం టోక్యో వైపు చువో ఎక్స్‌ప్రెస్‌వే మీద కొబోతొకే టన్నెల్ దగ్గర జామ్ అవుతుంది. మన సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ గుర్తు తెచ్చుకోండి, చాలు. ఆ జామ్‌లో గడిచే ప్రతి గంటకూ మీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. నవంబర్ 3 కూడా సెలవే, ఆ దరిదాపుల్లోకి వెళ్లకండి.

జవాబు (యొకొహామాలో ఉంటున్న సభ్యురాలు)

కొండ కనబడటం గురించి నేను చెప్తాను, నాకున్న పిచ్చి అదొక్కటే. నాలుగేళ్లలో పదిహేనుసార్లు వెళ్లుంటాను, అందులో ఐదుసార్లు మబ్బును చూసి వచ్చాను.

ఆ కొండ పొద్దున్నే కనబడుతుంది. ఎండ ఎక్కేకొద్దీ చుట్టూ మబ్బు పుడుతుంది, చాలా రోజులు పదీ పదకొండుకల్లా నడుము దాకా కప్పేసుకుంటుంది. కాబట్టి తొమ్మిదింటికి హోటల్ దగ్గర పికప్ అనే ప్యాకేజీలు మీకు పనికిరావు. ఆరింటికి బయల్దేరి ఎనిమిదింటికి సరస్సు దగ్గరుండాలి. పిల్లను నైట్ డ్రెస్సులోనే ఎత్తుకుపోండి, కారులో పడుకుంటుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి. ఇండియాలో కూర్చుని ఫలానా గురువారం అని ఖాయం చేసేయకండి. ఆరు రోజుల్లో రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచుకుని, రెండు రోజుల ముందు వాతావరణం చూసి తేల్చుకోండి. డేటు మార్చుకోనిచ్చే కంపెనీకి ఐదు వేల యెన్లు ఎక్కువైనా ఇవ్వండి. కవాగుచి దగ్గర లైవ్ కెమెరాలున్నాయి, ఇప్పటినుంచే రోజూ పొద్దున కాఫీ తాగుతూ చూడండి. అక్కడి టైమ్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. వారం చూస్తే చాలు, దాని గుణం మీకే తెలుస్తుంది. వాన రోజు తగిలితే డ్రైవర్లు "హకొనే వెళ్దాం" అంటారు. అదీ ఆ పక్కనే, అక్కడా అదే మబ్బు. రద్దు చేసుకుని టోక్యోలో తిరగడం మేలు.

అమ్మగారి ఫోటో గురించి చిన్న నిరాశ తప్పదు. ఐదో స్టేషన్ అంటే కొండ మీదే, 2,305 మీటర్ల ఎత్తు, మన ఊటీ కన్నా కాస్త పైన. గుడి మెట్ల మీద నిలబడి గోపురం మొత్తం ఫోటోలో పట్టాలంటే ఎలా? అక్కడ పైకి చూస్తే ఎర్రటి కంకర వాలు, కిందికి చూస్తే మబ్బులు. తెల్ల టోపీ పెట్టుకున్న ఫుజీ కావాలంటే దూరంగా, సరస్సు ఒడ్డునే దొరుకుతుంది. పైగా ఎక్కే సీజన్ సెప్టెంబర్ 10తో అయిపోతుంది, మీరెళ్లేసరికి శిఖరానికి ఎక్కే దారులు మూసేస్తారు. అయినా ఐదో స్టేషన్ దాకా వెళ్లాలనిపిస్తే వెళ్లండి, చలి కోట్లు మాత్రం కారులో పెట్టుకోండి.

మంచు కూడా గ్యారంటీ కాదు. 2024లో మొదటి మంచు నవంబర్ 7న గానీ కనబడలేదు. 1894 నుంచి లెక్కలుంటే వాటిలో అదే అన్నిటికన్నా ఆలస్యం. మీరు వెళ్లే వారానికి టోపీ ఉండొచ్చు, బోడిగుండు కావచ్చు. అమ్మగారికి ముందే చెప్పి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అక్కా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. అందరి ఫోటోల్లో ఉండే ఆ ఎర్ర పగోడా చోటు? మా ఆవిడ ఎప్పుడో సేవ్ చేసి పెట్టుకుంది.

జవాబు (యొకొహామా సభ్యురాలు)

చురెయితో పగోడా. 398 మెట్లు. పక్కన మెలికలు తిరిగే వాలు దారి కూడా ఉంది, కానీ అది మెట్లకన్నా పొడవు. అమ్మగారిని కిందే కూర్చోబెట్టండి, నాన్నగారిని తోడుంచండి, మీరిద్దరూ వంతులేసుకుని వెళ్లి రండి.

అమ్మగారికి మాత్రం ఓయిషి పార్కు. నేలంతా సమతలం, ఎదురుగా సరస్సు, దానవతల కొండ. అక్టోబర్ రెండో సగంలో అక్కడ కోచియా అనే గుబురు మొక్కలు ఎర్రబడతాయి, గుండ్రంగా ముద్దుగా ఉంటాయి. అక్కడే గంట గడపండి, తొందర పెట్టకండి. ఆ తర్వాత ఒషినో హక్కాయ్. ఎనిమిది నీటి కుంటలు, ఫుజీ మీద పడ్డ మంచూ వానా లావా పొరల్లోంచి ఇంకి ఏళ్ల తరబడి వడకట్టుకుని ఇక్కడ ఊరుతుంది. అందరూ మూగి ఫోటోలు తీసుకునే లోతైన నీలి కుంట అసలు ఆ ఎనిమిదిలోది కాదు, తర్వాత తవ్వింది. పక్కన చిన్నగా, ఎవరూ లేకుండా ఉండేవే అసలువి. నాన్నగారికి నచ్చుతుంది ఈ సంగతి.

లాసన్ అనే కిరాణా షాపు వెనకాల ఫుజీ ఫోటో అని డ్రైవర్ అడిగితే ఐదు నిమిషాలకు మించి వద్దు. అక్కడ జనం రోడ్డు మీదికొచ్చేస్తుంటే తట్టుకోలేక 2024 మేలో ఊరివాళ్లు నల్ల తెర కట్టారు, తర్వాత తీసేశారు. మనవాళ్లు అక్కడ రోడ్డు మధ్యలో రీల్స్ చేస్తుంటే నాకు తల తీసేసినట్టుంటుంది.

జవాబు (నిషికసాయ్ సభ్యుడు)

భోజనం మిగిలిపోయింది. అక్కడి స్పెషల్ హోతో, వెడల్పాటి నూడుల్స్ గుమ్మడికాయ ముక్కలతో. చూడటానికి శాకాహారమే. కానీ పులుసు చాలాచోట్ల ఎండు చేపలతో కాస్తారు, గిన్నెలో చేప ముక్క కనబడదు గనక "వెజ్" అని తెచ్చి పెట్టేస్తారు. పులిహోర కట్టుకెళ్లండి, ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలీదు. సామాన్లు మా నిషికసాయ్ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, హోటల్లో వంటకు వీలుంటే సరే. కారులో తినాలంటే డ్రైవర్‌ని అడిగి తినండి. చెత్తకు ఒక కవరు పెట్టుకోండి, రోడ్డు మీద డస్ట్‌బిన్లు కనబడవు.

ప్రశ్న అడిగినవారు (వెళ్లొచ్చాక)

నిన్ననే హైదరాబాద్ చేరాం, చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా.

నీలం టిక్కుల ఆయన ఇప్పటికీ జవాబివ్వలేదు. వేరే కంపెనీలో డ్రైవర్‌తో మాత్రం తీసుకున్నాం, టోల్‌తో కలిపి 72,000. ఒకసారి ఉచితంగా డేటు మార్చుకోవచ్చన్నారు. బుధవారం అనుకున్నది సోమవారం వాతావరణం చూసి గురువారానికి మార్చాం. బుధవారం పొద్దున లైవ్ కెమెరాలో తెల్లటి తెర తప్ప ఏమీ లేదు.

గురువారం ఎనిమిదింపావుకి ఓయిషి పార్కులో ఉన్నాం. మొత్తం కొండ, కింది నుంచి పైదాకా. శిఖరం మీద మంచు పలచగా, పిండి జల్లినట్టు. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి జేబులోంచి పెన్ను తీసి పార్కింగ్ రసీదు వెనకాల గీత గీశారు. "నేను ఇన్నేళ్లూ వాలు మరీ నిటారుగా గీశాను" అన్నారు. పదిన్నరకు మబ్బు మొదలైంది, పదకొండుకి కొండ ఉన్న చోటు కూడా తెలియలేదు. అప్పుడే ఒక పెద్ద బస్సు వచ్చి ఆగింది, పాపం.

ఐదో స్టేషన్ మానేశాం. అమ్మ పగోడా కింద బెంచీ మీద కూర్చుంది, మేం పైకి వెళ్లొచ్చేసరికి పక్కనున్న జపాన్ ముసలావిడతో మోకాళ్లు చూపించుకుంటూ మాట్లాడేస్తోంది, ఎవరి భాషలో వాళ్లు.

మెసేజ్‌లో ఒకరు పిల్లల కారు సీటు గురించి అడిగారు. ఆరేళ్లలోపు పిల్లలకు సొంత కార్లలో తప్పనిసరి, టాక్సీలకు, డ్రైవర్‌తో వచ్చే ఇలాంటి కిరాయి బండ్లకు మినహాయింపు ఉంది. అయినా మేం ముందే అడిగాం, ఊరికే పెట్టి తెచ్చారు. వంపుల దగ్గర పాపకి ఒకసారి వాంతైంది. డ్రైవర్ ఏమీ అనకుండా డిక్కీలోంచి కవర్లు, తడి టిష్యూలు తీసిచ్చాడు. మీరు మాత్రం మీవి పెట్టుకెళ్లండి.