కన్సోల్‌లో బయటి స్టోర్లు వస్తే పీసీలో కొన్న గేమ్‌లు ఆడుకోవచ్చా?

శీను_సిరీస్‌ఎస్

నా దగ్గర ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది. దానికి డిస్క్ డ్రైవ్ లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనడం, ఫ్రెండ్ దగ్గర తెచ్చుకుని ఆడి ఇచ్చేయడం లాంటివేవీ కుదరవు, ఉన్నది ఒకటే షాపు, వాళ్లు చెప్పిందే రేటు. పీసీలో మాత్రం స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపు సేల్‌లో కొన్నవి, ఎపిక్ అనే ఇంకో షాపు వాళ్లు ఫ్రీగా ఇచ్చినవి బోలెడున్నాయి, అవే టీవీ ముందు కూర్చుని ఆడాలంటే మళ్లీ డబ్బులు కట్టాలి. 2024 మార్చిలో మైక్రోసాఫ్ట్‌లో అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ ఒక ఇంటర్వ్యూలో ఎపిక్, ఇచ్.ఐఓ లాంటి బయటి స్టోర్లు ఎక్స్‌బాక్స్‌లోకి రావాలని తనకూ ఉందన్నారు. 2025 జూన్‌లో చిప్‌ల కంపెనీ ఏఎండీతో కలిసి కొత్త చిప్‌లు చేస్తున్నామని చెప్పినప్పుడు ఎక్స్‌బాక్స్ అప్పటి ప్రెసిడెంట్ సారా బాండ్ కూడా ఒకే స్టోర్‌కి కట్టేయని ఎక్స్‌బాక్స్ అన్నారు. మరి అడ్డం ఎక్కడుంది? కొత్తది వచ్చేదాకా ఆగమంటారా?

పాత_క్యాట్రిడ్జ్

అడ్డం డబ్బు దగ్గరే ఉంది బ్రో. 2021లో ఎపిక్ యాపిల్ మీద వేసిన కేసు విచారణలో మైక్రోసాఫ్ట్ తరఫున లోరీ రైట్ సాక్ష్యం చెబుతూ, ఎక్స్‌బాక్స్ మెషీన్ మీద తమకు ఎప్పుడూ లాభం లేదని ఒప్పుకున్నారు. మెషీన్ మీద పోయింది గేమ్‌ల మీద తీసుకునే 30 శాతంలో రాబట్టుకోవాలి. రేపు నువ్వు అదే డబ్బా మీద స్టీమ్‌లో కొన్నావనుకో, ఆ కమీషన్ స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీకి పోతుంది. అప్పుడు మిగిలేది మెషీన్ రేటు పెంచడమే. చేతిలో పట్టుకుని ఆడే ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్ చూడు, లోపల విండోస్, స్టీమ్, ఎపిక్ అన్నీ నడుస్తాయి, అమెరికాలో 999 డాలర్ల రేటుతో మార్కెట్లోకి తెచ్చారు. 'ఓపెన్' అనగానే చవక అనుకోవద్దు.

కంపైలర్_కుర్రాడు

డబ్బు సంగతి నిజమే గానీ శీను అడిగినదాంట్లో రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయాయి, ఇక్కడే చాలామంది ఆశపడి నిరాశపడతారు. కన్సోల్‌లోకి ఎపిక్ స్టోర్ రావడం ఒకటి, నీ పీసీ గేమ్ ఆ కన్సోల్‌లో నడవడం ఇంకొకటి. సిరీస్ ఎస్‌లో ఉన్నది ఏఎండీ ప్రాసెసరే, సిస్టమ్ కూడా విండోస్ నుంచి వచ్చిందే, అయినా స్టీమ్‌లో నువ్వు కొన్నది మామూలు విండోస్ కోసం తయారైన ఫైల్, అది అక్కడ తెరుచుకోదు. రేపు ఎపిక్ స్టోర్ వచ్చినా అందులో ఎక్స్‌బాక్స్ వెర్షనే అమ్మాలి, పీసీలో కొన్నవాడికి దాన్ని ఉచితంగా ఇవ్వాలా వద్దా అనేది ఆ గేమ్ పబ్లిషర్ ఇష్టం.

వాల్వ్ వాళ్లదే చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో ఇది కుదిరిందంటే, విండోస్ గేమ్‌లని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ మీద వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు, అందుకే అక్కడ నడుస్తున్నాయి. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి హీరోయిక్ లాంచర్ అనే యాప్ వేసుకుంటే ఎపిక్ గేమ్‌లు కూడా ఆడొచ్చు, ఎవరూ ఆపరు. ఎక్స్‌బాక్స్‌లో కూడా డెవలపర్ మోడ్ ఉంది, దాంట్లో మన సొంత యాప్‌లు వేసుకోవచ్చు, కానీ ఆ మోడ్‌లో ఉన్నంతసేపు కొన్న గేమ్‌లు నడవవు. కాబట్టి ఇప్పుడున్న సిరీస్ ఎస్ మీద ఆశ పెట్టుకోకు.

డల్లాస్_గేమర్

కంపెనీ దయతలిచి తెరిచేదాకా ఆగడమే తప్పంటాను నేను. ఫోన్ల విషయంలో చట్టం వచ్చాకే కదా కదలిక వచ్చింది, యూరప్ డిజిటల్ మార్కెట్స్ చట్టం వల్ల 2024 మార్చి నుంచి అక్కడి ఐఫోన్లలో వేరే స్టోర్లు పెట్టుకోనిస్తున్నారు. మన దేశంలో కూడా 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ప్లే స్టోర్ బిల్లింగ్ మీద గూగుల్‌కి 936.44 కోట్ల జరిమానా వేసింది. కన్సోల్ స్టోర్లని తెరిపించే చట్టం మాత్రం ఇంకా రాలేదు, అది ఆటబొమ్మే కదా అన్న చిన్నచూపు. అదే మైక్రోసాఫ్ట్ 2021 ఆగస్టు నుంచి పీసీ గేమ్‌ల మీద కమీషన్‌ని 12 శాతానికి దించింది, పక్కన స్టీమ్, ఎపిక్ ఉన్నాయి కాబట్టి. కన్సోల్‌లో పోటీ లేదు, అక్కడ తగ్గలేదు.

ఇంకో బాధ కూడా ఉంది. ఒకటే షాపు ఉన్నప్పుడు అది మూసేస్తే అంతే. నింటెండో కన్సోల్‌లు 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ ఈషాపుల్లో 2023 మార్చి 27 తర్వాత కొనడం ఆగిపోయింది, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులై 29న మూతపడింది. డిస్క్ మీద రాని చిన్న చిన్న గేమ్‌లు అందులో ఎన్నో, వాటిలో కొన్నింటిని ఇప్పుడు డబ్బిచ్చి కొందామన్నా దారి లేదు. చేసినవాళ్ల కష్టం అలా మాయమవుతుంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

పాత_క్యాట్రిడ్జ్

స్టోర్ల మూసివేత గురించి అన్నది వంద శాతం ఒప్పుకుంటాను అన్నా. రేటు గురించి మాత్రం నా మాట అదే, మెషీన్ ఖరీదైతే మన దగ్గర కొనేవాళ్లే తగ్గిపోతారు.

శీను_సిరీస్‌ఎస్

థాంక్స్ అందరికీ, స్టోర్ వేరు గేమ్ నడవడం వేరు అన్నది ఇప్పుడు బుర్రకెక్కింది. నేనైతే మెషీన్‌కి ఒకసారి ఎక్కువ పెట్టడానికే ఇష్టపడతాను, ప్రతి గేమ్‌నీ రెండుసార్లు కొనడం కన్నా అదే నయం. అప్పటిదాకా ఈ సిరీస్ ఎస్‌లో గేమ్ పాస్ సబ్‌స్క్రిప్షన్ తప్ప కొత్తగా ఏదీ కొనను. పాత పీసీనే హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి పెట్టి, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ని బ్లూటూత్‌లో కలుపుకుంటా. స్టీమ్‌లో టీవీ కోసం ఉన్న బిగ్ పిక్చర్ మోడ్‌లో ఎపిక్ గేమ్‌లు కూడా కనిపించేలా చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కంపైలర్_కుర్రాడు

స్టీమ్‌లో 'నాన్-స్టీమ్ గేమ్ యాడ్' అనే ఆప్షన్ ఉంటుంది, దాంతో ఒక్కో గేమ్‌నీ చేర్చుకో. ఎపిక్ లాంచర్ వెనకాల తెరిచే ఉంచు, లేకపోతే కొన్ని గేమ్‌లు మొదలవవు.