రష్యా సైనిక తుపాకుల దృఢత్వం, అమెరికా దిగుమతి ఆంక్షలు

ప్రశ్న: కలాష్నికోవ్ రైఫిల్ దుమ్ములోనూ, గడ్డకట్టే చలిలోనూ మొరాయించకుండా పనిచేయడానికి కారణమేమిటి? అమెరికా పౌరులకు రష్యా తుపాకులు నేరుగా అందకుండా పోయింది ఎప్పటి నుంచి?

సమాధానం 1: తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత భాగం గొట్టం పైనున్న రంధ్రం గుండా వచ్చి, గొట్టం వెనుక భాగాన్ని మూసే బోల్ట్‌ను మోసే భాగానికి (బోల్ట్ క్యారియర్) బిగించి ఉన్న పొడవైన పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. ఈ కదిలే భాగం బరువైనది, దాని చుట్టూ ఖాళీ కూడా ఎక్కువ కాబట్టి, లోపల మసి పేరుకున్నా అది ఆగకుండా పూర్తి దూరం కదలగలుగుతుంది. గొట్టం లోపలి క్రోమియం పూత తుప్పును అడ్డుకుంటుంది. అయితే ఇది ఎన్నటికీ ఆగదనడం నా దృష్టిలో అతిశయోక్తే. తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీటను కాల్చడానికి దించినప్పుడు తెరుచుకునే సందులోంచి చిక్కని బురద చొరబడితే ఈ రైఫిల్ కూడా మొరాయిస్తుంది.

సమాధానం 2: ఆంక్షలు ఒక్కసారిగా రాలేదు. 1996లో ఇరు దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం, రష్యా నుంచి ఏ నమూనాలు రావచ్చో పరిమితం చేసింది. ఉక్రెయిన్ సంక్షోభం కారణంగా 2014 జులైలో కలాష్నికోవ్ సంస్థపై అమెరికా ఆంక్షలు విధించింది. రష్యా ప్రతిపక్ష నేత నావల్నీపై జరిగిన విషప్రయోగానికి ప్రతిచర్యగా, 2021 సెప్టెంబరు నుంచి రష్యా తుపాకులకు, తూటాలకు కొత్త దిగుమతి అనుమతులు నిలిపివేసింది.

సమాధానం 3: 1996 ఒప్పందం మోసిన్-నగాంత్‌ను అనుమతించిందని కూడా గుర్తుంచుకోవాలి. 1891లో రష్యా సైన్యం స్వీకరించిన ఆ రైఫిల్‌లో ప్రతి కాల్పుకూ బోల్ట్‌ను చేత్తోనే లాగాలి.