క్రియాటినిన్ ఒకటి, సిస్టాటిన్-సి మరొకటి చెబుతున్నాయి: మందు మోతాదుకు దేన్ని నమ్మాలి?

మేము ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్నాము. మా నాన్నగారికి 67 ఏళ్లు, బరువు 44 కిలోలు, కండ బాగా తగ్గిపోయింది. ఆరు వారాల క్రితం విరేచనాలతో నీరసించి ఉన్నప్పుడు మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకోవడంతో, జనవరిలో 0.9 ఉన్న సీరం క్రియాటినిన్ (కండరాల నుండి రక్తంలోకి వచ్చే, కిడ్నీలు వడకట్టే వ్యర్థం) మూడు రోజుల్లో 2.1కి పెరిగింది. ఆ మాత్ర మాన్పించి సెలైన్ ఎక్కించాక 1.3కి దిగి, అక్కడే ఆగిపోయింది.

కండ తక్కువున్నవారిలో క్రియాటినిన్ తక్కువగా కనబడి కిడ్నీ దెబ్బను దాచేస్తుందని తెలిసి, శ్రీకాకుళంలో కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి అనే కిడ్నీ రక్తపరీక్ష చేయించాము, 1.9 వచ్చింది. క్రియాటినిన్ లెక్కలో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం అంచనా) 60, సిస్టాటిన్-సి లెక్కలో 32, రెండూ కలిపితే 43. అయితే ఆయన ఉబ్బసానికి మూడు వారాలుగా రోజూ 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నారు. స్టెరాయిడ్ల వల్ల కిడ్నీతో సంబంధం లేకుండానే సిస్టాటిన్-సి పెరుగుతుందని చదివినప్పటి నుండి నాకు మనసు కుదుట పడడం లేదు.

ముందురోజు మాంసం పెట్టకుండా, అదే ల్యాబులో రెండు పరీక్షలూ మళ్లీ చేయించినా అంకెలు మారలేదు. థైరాయిడ్ మామూలుగానే ఉంది, మూత్రంలో ప్రోటీన్ లేదు, స్కానింగులో కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఒక డాక్టరుగారు షుగరు మందు మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా కొనసాగించమన్నారు, మరొకరు సగానికి తగ్గించమన్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఇంత దగ్గరలో ఉండగా దీన్ని తేలికగా తీసుకోలేకపోతున్నాను.

స్టెరాయిడ్ వాడుతున్న ఇంత సన్నని మనిషికి మెట్‌ఫార్మిన్ మోతాదు నిర్ణయించడానికి ఈ 60, 32, 43లలో దేన్ని ఆధారంగా తీసుకోవాలి?