‘పిట్ట కొంచెం, కూత ఘనం’: ఇందులో ‘ఘనం’ అంటే?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో పిల్లలకు తెలుగు చెబుతుంటాను. ఈ సామెతకు ఇక్కడి నీలి ఫెయిరీ రెన్ పిట్టను ఉదాహరణగా చూపిస్తే, ‘కోలాకే ఇంకా బాగా నప్పుతుంది’ అన్నాడు ఒక పిల్లవాడు. కోలా చెట్ల మీద బతికే సంచిజంతువు, పిట్ట కాదు కదా! ఏమని చెప్పమంటారు?

జవాబు: వాడి మాట కొట్టిపారేయకండి. కోలా రోజుకు 18 గంటలకు పైగా కొమ్మ మీద కునుకుతుంది. అదే మగ కోలా జతకట్టే కాలంలో గొంతెత్తితే, అరిచింది ఆ బొచ్చుబొమ్మేనంటే నమ్మలేం. ఊపిరి పీల్చినప్పుడు గురక, వదిలినప్పుడు తేన్పు. మన మాటల్లో దానికి దగ్గరిది ఓండ్ర. స్వరపేటికకు వెలుపల దానికి మరో జత స్వరతంత్రులు ఉన్నాయని 2013లో పరిశోధకులు తేల్చారు. ఏనుగంత జంతువుకు ఉండవలసిన మంద్రం అక్కడినుంచి వస్తుంది. ‘ఘన’మంటే గొప్ప ఒక్కటే కాదు, బరువు, చిక్కదనం కూడా. కర్ణాటక సంగీతంలో నాట, గౌళలను ఘనరాగాలంటాం, గట్టిగా పాడతారని కాదు. ఆ లెక్కన పిల్లవాడు సరిగ్గానే విన్నాడు.

అయినా నా ఓటు పిట్టకే. చిన్నవాడి నోట పెద్ద మాట వచ్చినప్పుడు కదా ఈ సామెత వాడతాం! పది గ్రాములు తూగే ఈ తల్లిపిట్ట పొదిగేటప్పుడే గుడ్లకు ఒక కూత వినిపిస్తుంది. పిల్లలు బయటికి వచ్చాక అదే స్వరంతో మేత అడుగుతాయి. గూట్లో దొంగచాటుగా పెరిగే కోకిల జాతి పిల్లను పోల్చుకోవడానికి తల్లికి ఇది అక్కరకొస్తుందని 2012లో అడిలైడ్ ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. అభిమన్యుడి కథ చెప్పి ఇది చెప్పండి, పిల్లలు మరిచిపోరు.

మరొకరు: ‘ఘనం’ సరే, ‘కొంచెం’ సంగతేమిటండీ? ఎదిగిన కోలా నాలుగు కిలోలకు తక్కువ ఉండదు, కొన్ని పది దాటుతాయి. అది కొంచెమా? పుట్టినప్పుడు మాత్రం అర గ్రాము, చిక్కుడు గింజంత. కళ్లు తెరవకుండానే తల్లి సంచిలోకి పాకుతుంది. కొంచెమే, కానీ అప్పుడు కూత లేదు! అసలు ‘కూత’ కోడికి, కోయిలకు, రైలుకు, చివరికి కబడ్డీ ఆటగాడికి కూడా చెల్లుతుంది కానీ, కోలాకు నా చెవికి అతకదు. జవాబిచ్చినవారు చెప్పిన ఓండ్రే ఉంచండి. ఇంకొకటి, తరగతిలో ‘కోలా ఎలుగుబంటి’ అనకండి, అది ఎలుగు కాదు. శాస్త్రీయ నామం పెట్టినవారే ‘బూడిదరంగు సంచి ఎలుగు’ అని పిలిచి ఈ గందరగోళం తెచ్చారు.