రొమేనియా నడిమధ్యలో హంగేరియన్ ఊరు ఎలా వచ్చింది?

మారతహళ్ళి మధు:
అందరికీ నమస్తే. నేను బెంగళూరులో పని చేస్తా, మా కంపెనీకి రొమేనియాలోని క్లూజ్‌లో ఇంకో టీమ్ ఉంది. అందులో ఒక కుర్రాడిది వ్లహిత్సా అనే చిన్న ఊరు. వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నా, రొమేనియన్‌లా లేదే అని అడిగితే హంగేరియన్ అన్నాడు, ఊరంతా అదే భాషంట. మ్యాప్ తీసి చూస్తే హంగేరీ బోర్డర్ ఎక్కడో పడమర చివర్లో ఉంది, ఈ ఊరేమో దేశం నడుమ. మన హోసూరులో తెలుగోళ్ళున్నారంటే అర్థముంది, పక్కనే ఆంధ్రా. వీళ్ళేంటి, ఎప్పుడైనా వలస వెళ్ళారా? మేలో నన్ను ఆన్‌సైట్ పంపిస్తారేమో, ఊరికి రా అంటున్నాడు. వెళ్ళేంత ఏముంది అక్కడ?

పాతపటాలు:
హోసూరుతో పోల్చకు మధూ, ఇది వేరే కథ. హంగేరీ బోర్డర్ నుంచి ఆ ఊరు 250 కిలోమీటర్ల పైనే లోపల ఉంది కదా, కానీ ఒకప్పుడు బోర్డరే అటు ఉండేది. మధ్యయుగంలో హంగేరీ రాజ్యానికి తూర్పు హద్దు కార్పాతియన్ కొండలు, ఆ కొండల వెంట కాపలాకి రాజులు సేకెయ్ అనే జనాన్ని పెట్టుకున్నారు. యుద్ధానికి రావాలి, బదులుగా పన్ను లేదు, సొంత పాలన, అదీ ఒప్పందం. వీళ్ళు మాట్లాడేది హంగేరియన్. వ్లహిత్సా ఆ సేకెయ్ సీమలోదే, హంగేరియన్‌లో సెంతెద్యహాజా అంటారు.

తర్వాత ఆస్ట్రియాని ఏలే హ్యాబ్స్‌బర్గ్ రాజవంశం వాళ్ళొచ్చి బలవంతంగా సరిహద్దు సైన్యంలో చేర్చుకోబోతే వీళ్ళు ఎదురు తిరిగారు, 1764 జనవరిలో మాదేఫాల్వా అనే ఊళ్ళో రాత్రికి రాత్రే సైన్యం విరుచుకుపడి దాదాపు 200 మందిని చంపేసింది, చాలామంది కొండలు దాటి అవతలున్న మొల్దావియా రాజ్యానికి పారిపోయారు. ఆ ఊరు వ్లహిత్సాకి కొండ అవతలే. ఇక మొదటి ప్రపంచ యుద్ధంలో హంగేరీ ఓడాక 1920 ట్రయనాన్ ఒప్పందంతో, ఈ సీమ ఉన్న ట్రాన్సిల్వేనియా మొత్తం రొమేనియాకి పోయింది. 1940లో హిట్లర్, ముసోలినీ తీర్పు చెప్పి ఉత్తర భాగాన్ని హంగేరీకి తిరిగిచ్చారు, అందులో ఈ సీమ కూడా ఉంది, అదీ 1944 దాకే. అంటే ఊళ్ళో ఓ ముసలాయన గడప దాటకుండానే మూడుసార్లు దేశం మారి ఉంటాడన్నమాట.

రాళ్ళబాబు:
చరిత్ర పైన చెప్పేశారు, నేను నేల సంగతి చెప్తా. ఊరు హర్గీతా కొండల పడమటి అంచున పీఠభూమి మీద ఉంది, ఎత్తు 850 మీటర్ల చుట్టుపక్కల, అంటే మన బెంగళూరు కంటే కాస్త తక్కువే. చలికాలం మాత్రం మనం తట్టుకునేది కాదు. హర్గీతా అంతా చల్లారిన అగ్నిపర్వతాల వరస, లావా ఆగిపోయినా కింద నుంచి కార్బన్ డయాక్సైడ్ ఇంకా వస్తూనే ఉంటుంది, అందుకే ఆ చుట్టుపక్కల ఊటనీళ్ళు గ్యాస్‌తో చురచురలాడతాయి, జనం సీసాలు పట్టుకుపోతారు. పక్కనే హోమోరోద్ స్నానాల ఊరు ఉంది, దాని పేరంతా ఆ నీళ్ళ వల్లే.

ఇంకోటి, ఇక్కడ ఇనుప ఖనిజం దొరికింది. బొగ్గు కాల్చడానికి అడవి ఉంది, వాగుల్లో నీళ్ళున్నాయి, 19వ శతాబ్దంలో ఇనుము కరిగించే కొలిమి వెలిసింది. కొలిమి చుట్టూ పెరిగిన పేటనీ పాత ఊరినీ 1968లో కలిపి పట్టణం చేశారు. కమ్యూనిస్టు పాలన పోయాక ఆ ఇనుప ఫ్యాక్టరీ దెబ్బతింది, మీ కుర్రాడు క్లూజ్ చేరడానికి అదీ ఓ కారణం అయ్యుండొచ్చు, నా ఊహే.

మారతహళ్ళి మధు:
సూపర్ అన్నా. అతనికి హంగేరీ పాస్‌పోర్ట్ కూడా ఉందంట. మరి అక్కడికే వెళ్ళిపోవచ్చుగా? వీళ్ళంతా హంగేరీలో కలవాలంటారా?

కోరమంగళ సుజాత:
తమ్ముడూ, ఆ ప్రశ్న వాళ్ళింట్లో భోజనం దగ్గర మాత్రం అడక్కు. 2010లో హంగేరీ చట్టం మార్చింది, పూర్వీకులు హంగేరీ పౌరులై ఉండి భాష వస్తే అక్కడ ఉండకుండానే పౌరసత్వం ఇస్తారు, లక్షల మంది తీసుకున్నారు. అంతమాత్రాన ఇల్లూ పొలమూ వదిలేసి పోతారా? వాళ్ళ పార్టీలు అడిగేది ఎక్కువగా స్వయంపాలన. స్టాలిన్ కాలంలో, 1952లో, పేరుకి ఒక హంగేరియన్ స్వయంపాలిత ప్రాంతం ఇచ్చారు, తర్వాతి రొమేనియా కమ్యూనిస్టు నేత చౌషెస్కు 1968లో జిల్లాలు చేసి దాన్ని తీసేశాడు. ఇప్పుడు హర్గీతా జిల్లాలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా హంగేరియన్లే, వ్లహిత్సాలో అయితే 2011 లెక్కల్లో ఏడు వేల లోపు జనం, దాదాపు అందరూ వాళ్ళే. బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి. నువ్వు రొమేనియన్‌వా హంగేరియన్‌వా అని అడిగే బదులు సేకెయ్‌లా మీరు అని అడిగి చూడు, మొహం వెలిగిపోతుంది.

మేలో అయితే కచ్చితంగా వెళ్ళు. ఊరి దగ్గర మైదానంలో అడవి నార్సిసస్ పూలు తెల్లగా పరుచుకుంటాయి, అది రక్షిత ప్రాంతం, కోయకు. ఆ ఊళ్ళో పిల్లల ఫిల్‌హార్మోనిక్, అంటే పెద్ద సంగీత బృందం కూడా ఉంది, హాజ్ షాందోర్ అనే సంగీతం మాస్టారు 1982లో మొదలుపెట్టారు, పిల్లలు సేకెయ్ బట్టల్లో పాడతారు, వాయిస్తారు. కచేరీ ఉందేమో అతన్ని ముందే కనుక్కోమను. రైలు కోసం వెతక్కు, కొండ అవతలున్న మియెర్కురియా చుక్ పట్టణం దాకా రైల్లో వచ్చి అక్కణ్ణుంచి కొండ దాటే రోడ్డు పట్టుకో. అడవిలోకి ఒంటరిగా మాత్రం పోకు, ఎలుగుబంట్లు నిజంగానే ఎక్కువ.