ఇన్ఫర్మేషన్ రిట్రీవల్‌లో పరిశోధన: గ్రంథాలయ శాస్త్రం చదివినవారికి దారి ఉందా?

కావలి గ్రంథపాలిక అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. ఎం.ఎల్.ఐ.ఎస్సీ. (గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో పీజీ) పూర్తి చేశాను, పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. మా గ్రంథాలయంలో వ్యవసాయం, రొయ్యల సాగు గురించిన పత్రికా కత్తిరింపులు చాలా ఏళ్లుగా పోగుపడి ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలుపెట్టాం. అయితే ఎవరైనా విద్యార్థి వచ్చి ఒక విషయం అడిగితే, కావలసిన కాగితం పైకి రాదు, అక్కరలేనివన్నీ వస్తాయి. దీనినే పరిశోధనాంశంగా తీసుకుందామంటే, అది కంప్యూటర్ సైన్స్ వారి పని అనీ, గ్రంథాలయ శాస్త్రం వారికి అందులో చోటు లేదనీ తెలిసినవారు కొందరు చెబుతున్నారు. ఇన్ఫర్మేషన్ రిట్రీవల్, అంటే కావలసిన సమాచారాన్ని వెతికి తీసే ఈ రంగంలో ఒక పండితుని లేదా పండితురాలి పరిశోధనా జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి అర్థం చేసుకోవాలంటే ఎవరిని ఎంచుకోమంటారు? గణితంలో నాకు ప్రవేశం తక్కువే, కానీ నేర్చుకోవడానికి వెనకాడను.

ఒంగోలు అధ్యాపకుడు

అమ్మా, మీరు కేరెన్ స్పార్క్ జోన్స్ జీవితం చదవండి. 1935లో ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టిన ఆవిడ కేంబ్రిడ్జిలో చదివింది చరిత్ర, ఆ తరువాత తత్త్వశాస్త్రం. కంప్యూటర్ డిగ్రీతో ఈ రంగంలోకి వచ్చిన మనిషి కాదు. మార్గరెట్ మాస్టర్‌మన్ నడిపిన కేంబ్రిడ్జి భాషా పరిశోధన విభాగంలో చేరి, ఒకే అర్థాన్నిచ్చే మాటలను యంత్రం చేత ఎలా గుర్తింపజేయాలన్న విషయం మీద 1964లో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం పూర్తి చేసింది. మీ కత్తిరింపుల్లో రొయ్యలకు వచ్చే ఒక జబ్బు పేరు ఒకచోట "తెల్లమచ్చల వ్యాధి" అనీ, మరొకచోట "వైట్ స్పాట్" అనీ ఉంటుంది కదా. ఆవిడ మొదలుపెట్టిన చిక్కు సరిగ్గా అదే.

దగ్గరి మాటలను గుంపులుగా కడితే వెతుకులాట మెరుగుపడుతుందన్న ఆశతో ఆవిడ కొన్నేళ్లు పనిచేసింది, 1971లో దాని మీద పుస్తకం కూడా వెలువరించింది. ఆశించిన మేలు అన్ని సేకరణల్లోనూ కనబడలేదు. అక్కడ ఆగిపోకుండా, ఏ మాట ఎన్ని పత్రాల్లో కనబడుతున్నదో లెక్కించడం మీద దృష్టి పెట్టింది. 1972లో వచ్చిన వ్యాసంలో ఆవిడ చెప్పినదాని సారం ఇది: ఎక్కువ పత్రాల్లో కనబడే మాటకు తక్కువ బరువు, తక్కువ పత్రాల్లో కనబడే మాటకు ఎక్కువ బరువు ఇవ్వాలి.

మీ సేకరణలో 1024 కత్తిరింపులు ఉన్నాయనుకుందాం. "రొయ్యలు" అనే మాట 512 కత్తిరింపుల్లో ఉంటే 1024ను 512తో భాగిస్తే 2. రెండు ఆధారంగా లాగరిథమ్ తీస్తే, అంటే ఆ సంఖ్య రావడానికి 2ను ఎన్నిసార్లు వేసి గుణించాలో చూస్తే, బరువు 1. "తెల్లమచ్చల" అనే మాట 8 కత్తిరింపుల్లోనే ఉంటే భాగఫలం 128, బరువు 7. విద్యార్థి రెండు మాటలూ కలిపి వెతికినప్పుడు వ్యాధి గురించిన కత్తిరింపు పైకి రావడానికి ఈ తేడాయే కారణమవుతుంది. మీరు భయపడుతున్న గణితం ఇంతే.

ఆ వ్యాసం అచ్చయింది జర్నల్ ఆఫ్ డాక్యుమెంటేషన్‌లో. అది గ్రంథాలయ, సమాచార శాస్త్రాలకు చెందిన పత్రిక. 1976లో స్టీఫెన్ రాబర్ట్‌సన్‌తో కలిసి రాసిన మరో ముఖ్యమైన వ్యాసం అమెరికా సమాచార శాస్త్ర సంఘం పత్రికలో వచ్చింది. ఆ బాటలోనే రాబర్ట్‌సన్ బృందం 1990లలో లండన్ సిటీ యూనివర్సిటీలో తయారుచేసిన బీఎం25 అనే, పత్రాలకు వరుస కట్టే సూత్రాన్ని నేడు ఎలాస్టిక్‌సెర్చ్ వంటి వెతుకులాట సాఫ్ట్‌వేర్, మనం వేరే పద్ధతి ఎంచుకోకపోతే, తనంతట తానే వాడుతుంది. కాబట్టి మీకు ఇందులో చోటు లేదన్నవారికి ఈ రెండు పత్రికల పేర్లు చెబితే చాలు.

వేటపాలెం పాఠకుడు

 1918లో మొదలైన మా ఊరి గ్రంథాలయం సారస్వత నికేతనంలో పాత పత్రికల మధ్య తిరిగినవాణ్ణి. వెతికినది దొరకకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు.

పై మిత్రులు చెప్పినదానికి రెండు పేర్లు చేర్చాలి. మొదటిది మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్. ఒక విషయాన్ని ముఖాలుగా (వేర్వేరు కోణాలుగా) విడదీసి వర్గీకరించే కోలన్ పద్ధతిని ఆయన 1933లో ప్రచురించారు. రెండవది సిరిల్ క్లెవర్డన్. ఈయన ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్ విమానశాస్త్ర కళాశాలలో గ్రంథపాలకుడు, అంటే మీ వృత్తిలోనివాడు. సూచికలు తయారుచేసే నాలుగు పద్ధతులను 18,000 పత్రాల మీద పోల్చి పరీక్షించాడు. ముఖాల వర్గీకరణ అందులో ఒకటి. నాలుగింటి ఫలితాలూ దగ్గరదగ్గరగానే వచ్చాయి. రెండవ విడత 1400 పత్రాలతో జరిపిన పరీక్షలో, పత్రంలోని విడి మాటలనే సూచికగా వాడిన పద్ధతి ముందు నిలిచింది. వర్గీకరణను ప్రాణంగా చూసుకునే మాబోటివారికి ఇది మింగుడుపడని ఫలితమే. అయినా ఎవరి పద్ధతి గొప్పదో వాదించుకోవడం మాని పరీక్ష పెట్టి చూడాలన్న అలవాటును ఈ రంగానికి నేర్పినవాడు ఒక గ్రంథపాలకుడని నేను గర్వంగానే చెబుతాను.

కందుకూరు నుంచి ఒక పరిశోధకురాలు

పై రెండు సమాధానాలూ సరైనవే, కానీ స్పార్క్ జోన్స్ జీవితంలో ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆవిడ దశాబ్దాల తరబడి తాత్కాలిక నిధుల మీదే పనిచేసింది. ప్రొఫెసర్ పదవి 1999లో గాని రాలేదు, 2002లో పదవీ విరమణ అయిపోయింది. అంతటి మనిషికి అంత ఆలస్యం జరగడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అందుచేత చెల్లెమ్మా, ఉన్న ఉద్యోగం వదలకండి. యూజీసీ నెట్‌లో గ్రంథాలయ, సమాచార శాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉన్నది. అది రాసి, ఉద్యోగంలో ఉంటూనే పార్ట్‌టైమ్‌గా చేరే వీలును విశ్వవిద్యాలయాల్లో విచారించండి.

ఇక అసలు విషయం. ఒంగోలు మాస్టారు చూపిన లెక్క తెలుగులో అంత సాఫీగా నడవదు, మీ పరిశోధన అక్కడే ఉన్నది. "రొయ్యలు", "రొయ్యలకు", "రొయ్యల్లో" అన్నవి కంప్యూటర్‌కు మూడు వేర్వేరు మాటలు. "రొయ్యలకు" అన్న రూపం 16 కత్తిరింపుల్లోనే ఉంటే దాని బరువు 6 అవుతుంది, అంటే వ్యాధి పేరుతో దాదాపు సమానం. అప్పుడు వ్యాధికి సంబంధం లేని, రొయ్యలకు ధర పడిపోయిందన్న వార్త పైకి వస్తుంది. విభక్తులను విడదీసి లెక్కించాలి; ఎంతవరకు విడదీస్తే మేలో, ఎక్కడ అర్థం చెడుతుందో పరీక్షించి చూడాలి. ఆ పరీక్షకు పత్రాలు, ప్రశ్నలు, ఏ ప్రశ్నకు ఏ పత్రం పనికివస్తుందన్న తీర్పులు, ఈ మూడూ ఉన్న సేకరణ కావాలి. అటువంటి పెద్ద సేకరణ అవసరమని స్పార్క్ జోన్స్, వాన్ రైస్‌బర్గెన్ అనే మరో పరిశోధకుడు 1975లోనే నివేదిక రాశారు. అమెరికాలో, వెతికే పద్ధతులను ఒకే సేకరణ మీద పోల్చి చూసే ట్రెక్ సదస్సులు మొదలై అది నెరవేరేసరికి 1992 వచ్చింది. మన దేశ భాషల కోసం అటువంటిదే ఫైర్ అనే వేదిక 2008లో మొదలైంది. మీ కత్తిరింపులతో చిన్నదే అయినా ఒక తెలుగు సేకరణ తయారైతే, అది పీహెచ్‌డీకి గట్టి పునాది అవుతుంది.

కావలి గ్రంథపాలిక

ముగ్గురికీ కృతజ్ఞతలు. 1972 నాటి వ్యాసంతో చదువు ప్రారంభిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. ఏ కత్తిరింపు పనికివస్తుందో తీర్పు చెప్పవలసింది ఎవరు? నేనా, విద్యార్థులా, రొయ్యల గుంటలున్న రైతులా?

కందుకూరు నుంచి ఒక పరిశోధకురాలు

ప్రశ్న ఎవరిదైతే తీర్పూ వారిదే కావాలి. ట్రెక్‌లో కూడా వీలైనంతవరకు ప్రశ్న తయారుచేసినవారి చేతనే తీర్పు చెప్పించారు. రైతు అడిగిన ప్రశ్నను రైతు మాటల్లోనే రాసుకోండి, దిద్దకండి. ఏ పద్ధతి ఏ కత్తిరింపును పైకి తెచ్చిందో ఆయనకు తెలియనివ్వకుండా, వరుస కలిపేసి చూపించండి. ట్రెక్‌లో ఏటా 50 ప్రశ్నలు పెట్టడం ఆనవాయితీ, కాబట్టి మీరూ ఆ సంఖ్యనే లక్ష్యంగా పెట్టుకోవచ్చు.