నెలవారీ రివ్యూలో రిపోర్టు చెప్తుంటే ఎవరూ వినట్లేదు, మీరెలా నెట్టుకొస్తున్నారు?

వసూళ్ల_డెస్క్:
బ్యాంకు ప్రాంతీయ కార్యాలయంలో మొండి బాకీల రిపోర్టు చెప్పేది నేనే. స్లాటేమో భోజనాల తర్వాత. ఎక్సెల్ షీటు తెర మీద వేసి వరసలు చదవడం మొదలెట్టగానే బ్రాంచి మేనేజర్లందరూ ఫోన్లు తీస్తారు. తమ బ్రాంచి పేరు వినపడితే మాత్రం తలెత్తుతారు. ఏం చేయాలంటారు?

గోదారి_గట్టు:
జవాబు మీ మాటల్లోనే ఉందండీ. పేరు వస్తే తలెత్తుతున్నారుగా, అక్కడే పట్టుకోండి. మొత్తం జాబితా ముందురోజే మెయిల్లో పంపేయండి. తెర మీద ఎస్ఎంఏ-2 ఖాతాలు చాలు, అంటే బాకీ పడి 60 రోజులు దాటినవి. 90 దాటితే ఎలాగూ ఎన్‌పీఏనే, అంటే మొండి బాకీ. నేను "ఇంకా ఎన్ని రోజులుంది" అని ఒక కాలమ్ పెట్టి, తక్కువ రోజులున్నవి పైకి తెస్తాను. మొన్న మొదటి వరసలో లారీ లోను, గడువు 4 రోజులు. నేను నోరు తెరవకముందే ఆ మేనేజరుగారు "కాంట్రాక్టరు బిల్లు సోమవారం పడుతుందట, నేనే వెళ్లి కూర్చుంటా" అన్నారు. పక్క బ్రాంచాయన "అదే కాంట్రాక్టరు దగ్గర మావి రెండు బళ్లున్నాయి" అని అందుకున్నారు. పంట రుణాలు మాత్రం ఇందులో కలపకండి, వాటి లెక్క పంటకాలాన్ని బట్టి ఉంటుంది.

మాధాపూర్_టెస్టర్:
మెయిల్ పంపితే చదువుతారన్న నమ్మకం నాకు లేదు. అమెజాన్‌లో 2004లోనే పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ తీసేసి, రాతపూర్వక నోటు పెట్టారు. మీటింగు మొదట్లో అందరూ కూర్చుని మౌనంగా చదువుతారు. మా టీములో ఒక్క పేజీతో అదే చేస్తున్నాం. చదివాక వచ్చే ప్రశ్నలు సూటిగా ఉంటున్నాయి. ఇంకోటి, స్లైడ్ షోలో ఉండగా కీబోర్డు మీద 'బి' నొక్కితే తెర నల్లబడుతుంది. చర్చ మొదలైతే అలా ఆపేయండి, చూపులన్నీ మనుషుల మీదకు వస్తాయి.

బ్రాంచి_మేనేజర్:
అటువైపు కూర్చునేవాణ్ని కాబట్టి చెప్తున్నా. దయచేసి ర్యాంకుల పట్టిక వేయకండి. అట్టడుగున పేరున్నవాడు ఆ గంటసేపూ సంజాయిషీలు అల్లుకుంటూ ఉంటాడు, మీ మాట చెవికెక్కదు. ఎవరిని ఏం అడగబోతున్నారో పొద్దున్నే ఒక ఫోన్ కొట్టండి. ఖాతా కాగితాలు చూసుకుని వస్తాం, బుకాయించాల్సిన అవసరం మాకూ ఉండదు.

వసూళ్ల_డెస్క్:
కాలమ్ ఆలోచన చాలా బాగుందండీ, ఈసారి అలాగే వేస్తా. పొద్దుటి ఫోన్లూ చేస్తా. కానీ మా పెద్దసారుకు అన్ని బ్రాంచీల అంకెలూ వరసగా చదివి వినిపించాల్సిందే. ఆయన్ని ఒప్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారి_గట్టు:
ఆ పట్టిక ప్రింటు తీసి మీటింగుకు ముందే ఆయన చేతికివ్వండి. మా సారు అలాగే ఒప్పుకున్నారు.